పరీక్షకు చిక్కని క్రిములు - పసిబిడ్డల ప్రాణాలు

పుట్టిన మూడో నాడో నాలుగో నాడో బిడ్డ పాలు తాగడం మానేస్తుంది. ఒళ్లు చల్లబడుతుంది, ఏడుపు సన్నబడుతుంది. గాలి సోకిందంటారు పెద్దలు. కాదు, రక్తంలో క్రిములు చేరాయి. మంత్రాలయం, కోసిగి పల్లెల నుంచి గుంటూరు మిరప కోతలకు సుగ్గికి పోయే మన కూలీలకు ఈ సంగతి తెలియాలి. నిండు చూలాలు కూడా నడుం వంచి కాయ కోస్తేనే ఆ పూట కూలి. నెలలు నిండకుండా, బరువు తక్కువతో పుట్టిన బిడ్డలనే ఈ జబ్బు ముందుగా పట్టుకుంటుంది.

మందులు లేవా? ఉన్నాయి, పనిచేయడం లేదు. 2011-14 మధ్య ఢిల్లీలోని మూడు పెద్దాసుపత్రుల్లో జరిపిన అధ్యయనం 2016లో వెలువడింది. బిడ్డల రక్తంలో దొరికిన అసినెటోబ్యాక్టర్ క్రిముల్లో 82 శాతం, క్లెబ్సియెల్లాలో 54 శాతం పలు మందులకు లొంగనివే! రాజధానిలోనే ఇట్లా వుంటే మన ఆదోని, ఎమ్మిగనూరుల మాటేమిటి?

ఇంతకన్నా గడ్డు సంగతి ఇంకొకటుంది. ఈ మందు పనిచేస్తుందని పరీక్ష కాగితం చెబుతుంది, బిడ్డ మాత్రం కోలుకోదు. పత్తి చేనుకు మందు కొడితే చావని పురుగులు నాలుగు మిగిలి మళ్లీ చేనంతా నిండడం మనం చూసిందే. క్రిములూ అంతే. లక్షకో పదిలక్షలకో ఒకటి మందును తట్టుకునేది వుంటుంది. మామూలు పరీక్షలో ఆ ఒకటీ అరా ఆనవు. సూది పడగానే మెతకవి చస్తాయి, మొండివి పెరుగుతాయి. మందు ఆపితే మెతకవే మళ్లీ ఎక్కువై, మొండివి తిరునాళ్లలో దొంగల్లా వాటి చాటున కలిసిపోతాయి. డాక్టర్లు దీన్ని హెటిరోరెసిస్టెన్స్ అంటారు. ఏ మందూ పనిచేయనప్పుడు వాడే కొలిస్టిన్ విషయంలోనూ ఇదే బయటపడింది. ఆ కొలిస్టిన్‌ను కోళ్ల దాణాలో కలపడాన్ని మన ప్రభుత్వం 2019లో గానీ నిషేధించలేదు!

తప్పు మాత్రం కూలోళ్లదట, ఇష్టమొచ్చినట్లు మాత్రలు మింగుతారట. ఊళ్లో ఆరెంపీ తప్ప దిక్కులేని వాళ్లు ఇంకెవరి దగ్గరికి పోతారు? ఈ క్రిములు చాలావరకు అంటుకునేది కడగని చేతుల నుంచి, శుభ్రం చేయని గొట్టాల నుంచి. కాన్పు గదిలో నీళ్లు, సబ్బు, చాలినంతమంది నర్సులు ఉంచాల్సింది ఎవరు?

ఆదోని నుంచి కర్నూలు పెద్దాసుపత్రికి సుమారు వంద కిలోమీటర్లు. రోగం ముదిరిన బిడ్డకు గంటలే గడువు. ఆదోని వైద్య కళాశాలను ప్రైవేటు భాగస్వామ్యంతో నడపాలని 2025లో రాష్ట్ర మంత్రివర్గం నిర్ణయించింది. లాభం చూసుకునేవాడు కూలితల్లి బిడ్డ రక్తాన్ని రెండుసార్లు పరీక్షిస్తాడా? అది సర్కారు చేతుల్లోనే నడవాలి. రక్తం కల్చర్ పరీక్ష ఆదోనిలోనే రాత్రీ పగలూ జరగాలి. సుగ్గికి పోయే గర్భిణికి కూలి నష్టపోకుండా విశ్రాంతి దొరకాలి.

సంఘం కార్యకర్తలు ఇంటింటా చెప్పాలి: బిడ్డ పాలు మానితే తెల్లారేదాకా ఆగొద్దు. కాగితం బాగుందన్నా రెండు నాళ్లలో బిడ్డ తేరుకోకుంటే మళ్లీ పరీక్ష చేయమని నిలదీసి అడగండి.