పుస్తకం ఎంచే కన్ను
కేంద్ర ప్రభుత్వ ‘పోషణ్ భీ పఢాయీ భీ’ కార్యక్రమం కింద అంగన్‌వాడీ టీచర్లకు శిక్షణ ఇవ్వడం ఆహ్వానించదగినదే. కానీ బొమ్మల పుస్తకాన్ని ఎంచుకోవడం ఉపన్యాసాలతో అబ్బే విద్య కాదు. 2020 జాతీయ విద్యావిధానం సూచించిన ఆరు నెలల సర్టిఫికెట్, ఏడాది డిప్లొమా కోర్సుల్లో కొంతకాలమైనా పుస్తకాల మధ్యే గడవాలి. నాలుగేళ్ల పిల్లకు చదివి వినిపించి, చూపు ఏ బొమ్మ దగ్గర ఆగిందో, ఏ పేజీలో ఆవలింత వచ్చిందో గమనించిన టీచరే నీతిని నూరిపోసే పుస్తకాన్ని పక్కన పెట్టగలదు. కోయ, గోండు పిల్లలతో తెలుగు అక్షరం కంటే ముందు పలికేది బొమ్మే. అందులో వాళ్ల ఇల్లు, సంత కనిపించకపోతే ఆ అక్షరమూ పరాయిదే అవుతుంది. ఎంపికను టెండర్లకు వదిలేస్తే పుస్తకాలు బీరువాల్లో నలగకుండా ఉంటాయి, నిజమే. కానీ పిల్లల చేతికి రావు. అందుకే కొనుగోళ్లు టీచర్లు ఇచ్చిన జాబితా ప్రకారమే జరగాలి. చిరిగిన పుస్తకానికి సంజాయిషీ అడగబోమని ఉత్తర్వులోనే రాయాలి.