కూలి ఇచ్చిన చేతికి కలముపై హక్కు లేదు

గడ్డురోజులు వచ్చినప్పుడు సర్కారు కత్తెర మొదట పడు పద్దులలో కళల పద్దు ఒకటి. తిండికే కటకటగా నున్నప్పుడు నాటకమెందుకని ఒక వాదము. ప్రభుత్వ ధనముతో ఆడు నాటకము ప్రచారము గాక మరేమని రెండవ వాదము. వాదములు వేరైనను ఫలితమొక్కటే: రంగస్థల కార్మికుని ఇంట పొయ్యి వెలుగదు. 2020లో మహమ్మారి వేళ మన కరవు భత్యము 18 నెలలు స్తంభించినది. మనము బాధపడితిమి, పోరాడితిమి. నెలజీతమే ఎరుగని కళాకారునికి ఆనాడు మూతపడిన రంగస్థలము నేరుగా ఆకలియే అయినది. కావున ఇది మనకు పరాయి సమస్య కాదు.

మన తెలుగు రైల్వే కుటుంబములు తరములుగా నివసించుచున్న రాయపూర్‌నే తీసికొందము. ఆ నగరమున 1923లో జన్మించిన హబీబ్ తన్వీర్, 1959లో మోనికా మిశ్రాతో కలిసి ‘నయా థియేటర్’ను స్థాపించెను. 1973లో రాయపూర్‌లో నాచా కళాకారులతో నడిపిన శిబిరము ఆయన మార్గమును స్థిరపరచినది. పల్లె కళాకారులు తమ ఛత్తీస్‌గఢీ మాటలోనే, తమ పాటతోనే పెద్ద వేదికల నెక్కిరి. 1975లో వెలువడిన ‘చరణ్‌దాస్ చోర్’, అబద్ధమాడనని గురువునకు మాట ఇచ్చి, ఆ మాటకై రాణిగారి ఆజ్ఞతో ప్రాణము కోల్పోయిన దొంగ కథ. 1982లో అది ఎడిన్‌బరోలో బహుమతి నందుకొనినది.

ఈ నాటకమునకు ప్రభుత్వములతో పడిన పొత్తు గమనింపదగినది. అత్యవసర పరిస్థితి విధించిన 1975లోనే, కేంద్ర ప్రభుత్వపు బాలల చలనచిత్ర సంస్థ పక్షమున శ్యామ్ బెనెగల్ దానిని చిత్రముగా తీసెను. తన్వీర్ 2009 జూన్ 8న కన్నుమూసెను. కొన్ని వారములకే ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వము, సత్నామీ సమాజమునుండి వచ్చిన అభ్యంతరములను చూపి ఆ నాటక గ్రంథముపై నిషేధము విధించినది. తరతరములుగా అవమానము భరించిన వర్గము మనసు నొచ్చుకొనినచో దానిని తేలికగా త్రోసివేయరాదు. అయితే సత్నామీల పంథీ పాటయే ఆ నాటకమునకు ఊపిరి. అట్టి తగవు కూర్చుని మాట్లాడుకొని తీర్చుకొనవలసినది. సర్కారు ఉత్తరువుతో తెగునది కాదు. ఒక ప్రభుత్వము డబ్బిచ్చినది, మరొకటి తాళము వేసినది; నాటకము మాత్రము అదియే.

డబ్బు తీసికొనుటయే ప్రచారమునకు మూలమనువారు మన చరిత్రను చూడవలెను. 1943లో పుట్టిన ప్రజానాట్యమండలి సర్కారు పైసా ముట్టలేదు. అయినను సుంకర, వాసిరెడ్డి రచించిన ‘మా భూమి’ని మద్రాసు ప్రభుత్వము నిషేధించినది. పాలకులకు రుచించని మాటయే ‘ప్రచార’మను పేరు పొందుచున్నదని దీనివలన తేటపడుచున్నది.

అమెరికా అనుభవము కూడ ఇదే. మహామాంద్యకాలమున, 1935లో, నిరుద్యోగులైన నటులకు, తెర లాగువారికి, దీపములు చూచువారికి పని కల్పించుటకై అక్కడి ప్రభుత్వము ఫెడరల్ థియేటర్ ప్రాజెక్టును ప్రారంభించినది. హాలీ ఫ్లానగన్ నాయకత్వమున వేలమంది జీతము పొందిరి. నాటకము చూచి యెరుగని లక్షలమంది ఉచితముగా చూచిరి. విద్యుత్తుపై ఆడిన ‘పవర్’ వంటి ప్రదర్శనలు ప్రభుత్వ విధానమువైపు మొగ్గిన మాట నిజమే. కాని షేక్స్పియర్ నాటకములు, పిల్లల నాటకములు, సర్కసు కూడ ఆ ధనముతోనే నడచినవి. 1938లో విచారణ జరిపిన కాంగ్రెసు సభ్యుడొకడు, 1593లో మరణించిన మార్లో అను నాటకకర్త కమ్యూనిస్టా అని ప్రశ్నించెను! 1939 జూన్ 30న ప్రాజెక్టు మూతపడినది. కొన్ని నాటకముల మొగ్గునకు వేలమంది కూలి బలియైనది.

ప్రభుత్వము తన పథకములను చెప్పుకొనరాదని మేమనుట లేదు. 1954లో ఏర్పడిన పాటల, నాటకముల విభాగము ఆ పనికే పుట్టినది. టీకాల గురించి, పారిశుద్ధ్యము గురించి పాట కట్టించుట తప్పు కాదు. కాని దానిని ప్రచారపు పద్దుననే వ్రాయవలెను. కళాపోషణ పద్దున వ్రాసి, ఆ మిషతో స్వతంత్ర బృందముల గ్రాంటు కోయరాదు.

రైలు నడుపువానికి, ఉత్తరము పంచువానికి జీతమిచ్చునది ప్రభుత్వమే. ఆ జీతము చేసిన పనికి మూల్యము. నోటికి వేసిన తాళము కాదు. 1974 మే నెలలో రైల్వే కార్మికులు ఇరువది దినములు దేశమునకు చాటినదిదియే. మనకు ఒక న్యాయము, నటునికి వేరొక న్యాయము ఉండరాదు.

కావున మా కోరికలివి: కరవుకాలమున కళాకారుల గ్రాంటును కోయరాదు. ఎంపిక సంఘములలో కళాకారులు ఎన్నుకొనిన ప్రతినిధులుండవలెను. గ్రాంటు నిరాకరించినచో కారణము వ్రాతపూర్వకముగా తెలుపవలెను. రైల్వే స్టాఫ్ బెనిఫిట్ ఫండు కమిటీలో యూనియన్ ప్రతినిధులు కూర్చుండుట మనకు తెలిసిన పద్ధతియే. ఇది అసాధ్యమైన కోరిక కాదు.

మన బాధ్యత కూడ కలదు. మన ఇన్‌స్టిట్యూట్ వేదికలను స్థానిక నాచా బృందములకు, తెలుగు నాటక సమాజములకు తెరచి ఉంచవలెను. మనకు నచ్చని మాట పలికిన నాటకమునకు సైతము ఆ తలుపు మూయరాదు. శాఖలన్నియు ఈ విషయమును తమ సమావేశములలో చర్చించి తీర్మానములు పంపవలెనని కోరుచున్నాము.