చంపకమాలలో మహాసంఖ్య

పద్యము తెలుగు పంతులుగారిది, లెక్క లెక్కల పంతులుగారిది అనే పంపకం మన పాఠశాలల్లో ఏనాడు స్థిరపడినదో గాని, దానివల్ల ఇరువురికీ కాకుండా పోయిన సొత్తులో ఒక చంపకమాల ఉన్నది. చదరంగపు బల్లమీద మొదటి గడిలో ఒక గింజ, రెండవ గడిలో రెండు, మూడవ గడిలో నాలుగు చొప్పున అరువదినాలుగు గళ్లకూ రెట్టించుకొంటూ పోతే మొత్తమెంత అన్న ప్రశ్నకు అది సమాధానము. 18446744073709551615 అనే ఇరువది అంకెల సంఖ్యను ఆ పద్యము నాలుగు పాదాలలో ఇమిడ్చినది.

ఈ పద్యము పావులూరి మల్లన పేర ప్రసిద్ధము. మహావీరాచార్యుడు 9వ శతాబ్దిలో సంస్కృతాన రచించిన గణితసార సంగ్రహాన్ని తెలుగు చేసిన కవి మల్లన. చంద్రుడంటే ఒకటి, వేదాలంటే నాలుగు, బాణాలంటే అయిదు, ఆకాశమంటే సున్న. ఈ సంకేతాలతో అంకెలను కుడినుంచి ఎడమకు పేర్చుకొని చదవాలి. తెలుగు తరగతిలో ఈ పద్యము చెప్పినా, ఈ విడుపుతోనే పాఠము ముగుస్తుంది. అసలు విందు అక్కడే మొదలు కావలసి ఉన్నది.

ఈ సంఖ్య సంయుక్త సంఖ్య. చివర అయిదున్నది గనుక అయిదుతో భాగింపబడుతుంది. అంకెల మొత్తము 87 గనుక మూడుతో పోతుంది, తొమ్మిదితో పోదు. ఇక మిగిలినదానికి ఉన్నత పాఠశాల విద్యార్థి ఎరిగిన సూత్రమే చాలు. రెండు వర్గాల భేదము వాటి మూలాల మొత్తానికీ భేదానికీ లబ్ధము. రెండు యొక్క 64వ ఘాతములో ఒకటి తక్కువైనదే మన సంఖ్య. దానిని ఆ సూత్రముతో మళ్లీ మళ్లీ విడదీస్తే 3, 5, 17, 257, 65537, 4294967297 వస్తాయి.

ఈ వరుసలోని సంఖ్యలన్నీ ప్రధాన సంఖ్యలే అని 17వ శతాబ్దిలో ఫ్రాన్సు దేశపు ఫెర్మా తలచినాడు. మొదటి అయిదింటి విషయములో ఆయన తలపు నిజమే. ఆరవది 641, 6700417ల లబ్ధమని 1732లో ఆయిలర్ చూపినాడు. కనుక మన సంఖ్యకు ఏడు వేర్వేరు ప్రధాన కారణాంకాలు; దానిని నిశ్శేషముగా భాగించే సంఖ్యలు సరిగా 128. నేటి గణకయంత్రము 64 బిట్లలో ఋణచిహ్నము లేకుండా నిలుపగల అతి పెద్ద పూర్ణసంఖ్య కూడా ఇదే.

అంతా మనవారికి ముందే తెలుసునని చాటడానికి ఈ పద్యాన్ని వాడుకోవడం తగదు. పద్యము మొత్తాన్ని చెప్పినది గాని కారణాంకాలను చెప్పలేదు. ఉన్నదానిని ఉన్నంతగా చెప్పుకొన్నప్పుడే మల్లనకూ గౌరవము, ఆయిలర్‌కూ గౌరవము. పాతకాలపు చమత్కారమని తోసివేయడమూ అంతే తప్పు. గొప్పలు చెప్పుకొనేవారూ, త్రోసిపుచ్చేవారూ లెక్క వేసి చూడనివారే.

పరీక్షలో అడగనిదానికి తీరికేదని ఉపాధ్యాయులు అనవచ్చును. దీనికి కావలసినది రెండు గంటలు మాత్రమే. ఒక గంట తెలుగు పంతులుగారిది, ఒక గంట లెక్కల పంతులుగారిది. కొండగట్టు అంజన్న గుట్ట చుట్టుపట్ల ఊళ్లలోని బడిపిల్లలకు జపమాల కొత్తది కాదు. దానిలోని 108 పూసలను రెండు రెండ్లుగా, మూడు మూళ్లుగా విడదీయమంటే నిమిషములో విడదీస్తారు. అదే పని ఇరువది అంకెల సంఖ్యకు చేయవచ్చునని వారికి చెప్పినవారు లేరు, అంతే. 641 చేత 6700417ను కాగితముమీద తామే గుణించి, చివరి అంకె సరిపోయినప్పుడు ఆ పిల్లలు పొందే ధైర్యము ఏ మార్కుల పట్టికలోనూ కనబడదు. పద్యము కంఠస్థం చేయడానికే, లెక్క మార్కులకే అనే భ్రమ ఆ రోజుతో తొలగిపోతుంది.