ఒక్క కట్‌లో అమెరికా!

సినిమాలో అమెరికా ప్రయాణం ఎంతసేపు? నన్నడిగితే మూడు సెకన్లు! హీరో టాటా చెబుతాడు, విమానం తోక కనిపిస్తుంది, కట్! ఎదురుగా పెద్ద పెద్ద మేడలు. మా రేపల్లె హాల్లో మనం ఒక వేరుశెనక్కాయ ఒలుచుకునేలోగా హీరోగారు సముద్రాలు దాటేస్తారు. 1987లో జంధ్యాలగారి ‘పడమటి సంధ్యారాగం’ చూశాక, అమెరికా తెనాలి పక్కనే వుందనిపించింది నాకు!

ఆ భ్రమే ఓసారి నా పరువు తీసింది.

ఆమధ్య సంక్రాంతికి ముందు పక్కింటి బాబాయిగారికి సుస్తీ చేసింది. కొడుకుండేది శాన్‌ఫ్రాన్సిస్కోలో. ‘‘శనివారం రాత్రి ఎనిమిదిన్నరకి బయల్దేరుతున్నా. బెంగుళూరు దాకా ఒకటే విమానం’’ అని ఫోను చేశాడు.

‘‘ఎన్ని గంటలురా?’’ అంది పిన్ని.

‘‘పదిహేడే పిన్నీ! ఆదివారం మధ్యాహ్నానికల్లా బెంగుళూర్లో దిగుతాడు, రాత్రికి ఇక్కడుంటాడు’’ అన్నాను, అన్నీ తెలిసినవాడిలా.

ఆదివారం రాత్రి పిన్ని కంచం పెట్టుకుని కూర్చుంది. తొమ్మిదయింది, పదయింది. బాబాయి కళ్ళు గుమ్మం మీదే వున్నాయి. పిన్ని నన్నేమీ అనలేదు. అంటే బాగుండేది.

ఇంటికెళ్ళి లెక్క మళ్ళీ వేశాను. చలికాలంలో మన గడియారం శాన్‌ఫ్రాన్సిస్కో గడియారంకంటే 13న్నర గంటలు ముందుంటుంది. అక్కడ శనివారం రాత్రి ఎనిమిదిన్నర అంటే మనకి ఆదివారం ఉదయం పది! ఆ మధ్యాహ్నానికి అతనింకా ఆకాశంలోనే వున్నాడు, నేను మాత్రం దింపేశాను!

ఆ రెండు వూళ్ళ మధ్య దూరం దాదాపు 14,000 కిలోమీటర్లు. భూమి చుట్టుకొలతే 40,000. అంటే మూడోవంతు భూమిని ఒక్క వూపులో దాటాలి. గోడమీది మ్యాపులో చూస్తే దగ్గర దారి తిన్నగా అడ్డంగా వున్నట్టుంటుంది. అది వుత్తదే. బత్తాయి మీద దారం బిగించి చూడండి, దగ్గర దారి పైకి, ఉత్తర ధ్రువం వైపు పోతుంది. 2021 జనవరి 9 రాత్రి కెప్టెన్ జోయా అగర్వాల్, మన తెలుగమ్మాయి పాపగారి తన్మయి, మరో ఇద్దరు మహిళా పైలట్లు ఎయిరిండియా విమానాన్ని ఆ మంచు దారిలోనే బెంగుళూరుకి నడిపారు. దిగింది 11 తెల్లవారుజామున. పట్టింది 17 గంటలు, క్యాలెండర్లో మారింది రెండు తేదీలు!

మనవాడూ సోమవారం తెల్లవారుజామునే బెంగుళూర్లో దిగాడు. అక్కణ్ణించి గన్నవరానికి ఇంకో విమానం, ఆపైన కారు. మధ్యాహ్నానికి గుమ్మంలో నిలబడ్డాడు.

బాబాయి కళ్ళు తెరిచి, ‘‘అన్నం తిన్నావట్రా?’’ అన్నారు.

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ! తెరమీద ఒక్క కట్‌లో పోయే ఆ దూరాన్ని, గుమ్మంలో కూర్చున్నవాళ్ళు నిమిషం నిమిషం లెక్కపెడతారు. మీ ఇంట్లో ఎవరైనా ‘‘ఎప్పుడొస్తాడురా?’’ అని అడిగితే, ముందు ఏ వూరి గడియారమో కనుక్కుని జవాబు చెప్పండి.