ఫిడేలు ఎవరిది?

మొన్న మన డిపార్ట్‌మెంటు కార్యక్రమంలో ఫిడేలు వాయిస్తానంటే ఒక ఫ్రెండు, "తెలుగు ఫంక్షన్‌లో ఆ ఇంగ్లీషు వాయిద్యం ఎందుకే? వీణ అయితే బాగుండేది" అంది. అప్పటికి నవ్వేసి ఊరుకున్నాను. కానీ ఆ మాట మనసులోంచి పోలేదు. అందుకే ఈ నాలుగు మాటలు.

మొదటి సంగతి, ఫిడేలు ఇంగ్లీషువాళ్లది కాదు. ఇప్పుడు మనం చూసే రూపం దానికి 16వ శతాబ్దంలో ఉత్తర ఇటలీలో వచ్చింది. క్రెమోనా ఊళ్లో ఆంద్రియా అమాతి చేసిన వాయిద్యాలు కొన్ని ఇప్పటికీ ఉన్నాయి. పేరుమోసిన స్ట్రాడివారీదీ ఆ ఊరే. అంతకుముందే యూరప్‌లో కమానుతో వాయించే రెబెక్ ఉండేది. దాని మూలం అరబ్బుల రబాబ్. అంటే ఇటలీవాళ్లు కూడా బయటినుంచి వచ్చినదాన్ని తమదిగా చేసుకున్నవాళ్లే.

మన దగ్గర ఆ పని చేసినవాళ్లలో ముందు చెప్పుకోవలసింది ముత్తుస్వామి దీక్షితుల తమ్ముడు బాలుస్వామి దీక్షితులు. మద్రాసులో ఒక యూరోపియన్ దగ్గర నేర్చుకుని దాన్ని కర్ణాటక సంగీతంలోకి తెచ్చారు. మనవాళ్లు వాయిద్యాన్ని మార్చలేదు, వాయించే తీరు మార్చారు. అక్కడ గడ్డం కింద పెట్టుకుంటారు. మనం కింద కూర్చుని, దాని కొనను కుడికాలి చీలమండ మీద ఆనించుకుంటాం. తీగల్ని స-ప-స-ప అని శ్రుతి చేస్తాం. వీణలాగా మెట్లు లేవు కాబట్టి వేలు జారినకొద్దీ గమకం గొంతులాగే పలుకుతుంది. మైసూరు చౌడయ్యగారు నాదం గట్టిగా వినబడాలని ఏడు తీగలు పెట్టారు. విజయనగరం సంగీత కళాశాలకు పేరు తెచ్చిన ద్వారం వెంకటస్వామి నాయుడుగారు 1893లో పుట్టింది మన బెంగళూరులోనే!

ఇంతకీ నాకెందుకింత పట్టింపు? సెలవులకు అనంతపురం వెళ్తే మా మేనత్త పిల్లలు "నీది కన్నడ తెలుగు" అని నవ్వుతారు. ఇక్కడేమో "నువ్వు ఆంధ్రానా?" అని అడుగుతారు. మా ముత్తాతలనాటినుంచీ మాది బెంగళూరే. అయినా రెండుచోట్లా నేను పరాయిదాన్నే. ఫిడేలును అన్నమాట నాకు తగిలింది అందుకే.

అయితే ఒకటి ఒప్పుకోవాలి. ఊరికే ఇంట్లో పడున్నందుకు ఫిడేలు మనది కాలేదు. తరతరాలుగా సాధన చేశారు కాబట్టి అయింది. నాకు పీయూసీ దాకా తెలుగు మాట్లాడటమే వచ్చు, రాయడం రాదు. అప్పుడు నేను "తెలుగు నాది" అన్నా ఆ మాటలో సగమే నిజం. ఇక్కడికొచ్చాక గుణింతాలు దిద్దుకున్నాను. ఇప్పుడు తప్పులతోనైనా ఈ గోడపత్రికకు రాస్తున్నాను.

ఎక్కడ పుట్టిందని కాదు, ఎవరు కష్టపడి నేర్చుకుంటే వాళ్లది. వాయిద్యానికైనా భాషకైనా అంతేనని నా అభిప్రాయం.

ఆ ఫ్రెండు వీణ నేర్చుకుంటోంది. ఏమే, ఉగాదికి ఇద్దరం కలిసి వాయిద్దామా?