అబద్ధం ఎవరి ఒంటి మీద పడుతుంది?



యుద్ధంలో తుపాకీ పట్టినవాడే ప్రాణాలు తీస్తాడనుకుంటాం. కలం పట్టినవాడూ తీస్తాడు. కాకపోతే అతనికి శిక్ష పడదు, బహుమతి వస్తుంది.

విలియం లారెన్స్ న్యూయార్క్ టైమ్స్ విలేకరి. 1945లో అమెరికా యుద్ధశాఖ అతన్ని అణుబాంబు పథకంలోకి తీసుకుంది. సర్కారు ప్రకటనలు రాసిందీ అతనే, పత్రికలో వార్తలు రాసిందీ అతనే. నాగసాకి మీద బాంబు వేయడాన్ని విమానంలోంచి చూశాడు.

విల్‌ఫ్రెడ్ బర్చెట్ అనే ఇంకో విలేకరి ఒంటరిగా రైలెక్కి హిరోషిమా వెళ్లాడు. పైకి దెబ్బలేమీ లేనివాళ్లు కూడా జుట్టు రాలి, నెత్తురు కారి చనిపోతున్నారని సెప్టెంబరు 5న లండన్ పత్రికలో రాశాడు. అమెరికా సైన్యం కాదంది. విలేకరులను పిలిచి, తొలి బాంబును పరీక్షించిన న్యూమెక్సికో ఎడారి చూపించింది. సెప్టెంబరు 12న లారెన్స్ ఏం రాశాడు? రేడియేషన్ చావుల మాట జపాన్ ప్రచారమని రాశాడు.

ఆ ఎడారికి వెళ్లినప్పుడు బూట్ల మీద తెల్లటి తొడుగులు వేసుకున్నారు. ప్రమాదం లేని మట్టికి తొడుగులెందుకు? మన మూడో తరగతి పిల్ల కూడా ఈ ప్రశ్న అడుగుతుంది.

దేశం కోసం యుద్ధకాలంలో అబద్ధం తప్పదంటారు కొందరు. జపాన్ సెప్టెంబరు 2నే లొంగుబాటు పత్రం మీద సంతకం పెట్టింది. మరి ఈ అబద్ధం ఏ యుద్ధం కోసం? ఆ ఏడాది చివరికి హిరోషిమాలో సుమారు 1,40,000 మంది చనిపోయారు. 1946లో లారెన్స్‌కు పులిట్జర్ బహుమతి ఇచ్చారు. వెనక్కి తీసుకోవాలని తర్వాత కొందరు అడిగినా తీసుకోలేదు.

ఎక్కడో జరిగింది, మనకెందుకు అంటారా? బాంబుకు యురేనియం కావాలి. అమెరికా ఆదివాసులైన నవాహోల నేలలో 1944 నుంచి 1986 దాకా దాన్ని తవ్వారు. గనుల్లో దిగినవాళ్లకు ప్రమాదం సంగతి చెప్పలేదు. ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో మనుషులు పోయాక, 1990లో చట్టం చేసి క్షమాపణ చెప్పారు. ఇదంతా లారెన్స్ ఒక్కడి పాపమని నేను అనను. కానీ భయం లేదని పెద్ద పత్రికే చెప్పిన దేశంలో, గని కూలివాడి దగ్గు ఎవరికి వినిపిస్తుంది?

మన నల్లమలలోనూ యురేనియం కోసం చూశారు. చెంచులు, చుట్టుపక్కల జనం అడ్డం నిలబడ్డారు. 2019 సెప్టెంబరులో తెలంగాణ శాసనసభ తవ్వకాలు వద్దని తీర్మానించింది. మళ్లీ ఎప్పుడైనా ‘ఏ ప్రమాదమూ లేదు’ అనే వార్త రావచ్చు. ఆ రోజుకు మన పిల్లలు సిద్ధంగా ఉండాలి.

అందుకే బడిలో పేపరు చదివించండి, మూడు ప్రశ్నలు అడిగించండి. రాసినవాడు అక్కడికి పోయాడా? ఎవరి ఖర్చు మీద పోయాడు? దెబ్బతిన్నవాళ్ల మాట అందులో ఉందా?

మన గూడెం వార్త మనమే రాసిన రోజున మనల్నీ ఇవే ప్రశ్నలు అడగాలి. మనవాడు రాసినంత మాత్రాన అబద్ధం నిజమైపోదు.