బ్రేకు విరిగినప్పుడు తప్పు ఎవరిది?

సూరత్ నగరంలోని గోడాదరా, లింబాయత్, డిండోలి ప్రాంతాలలో తెలుగు కుటుంబాలు తరాలుగా నివసిస్తున్నవి. కరీంనగర్, వరంగల్, నల్లగొండ ప్రాంతాల నుండి చేతిమగ్గం చితికి వలస వచ్చిన వారిలో అనేకులు ఇక్కడ మరమగ్గాల మీద బ్రతుకుతున్నారు. ఈ షెడ్లలో ఎవరి చెయ్యి నలిగినా, ఎవరి వ్రేళ్ళు తెగినా వెంటనే వినవచ్చే మాటలు రెండు. మొదటిది, "బ్రేకు ఫెయిలయింది". రెండవది, "వాడు చూసుకోలేదు". మొదటి మాట యంత్రాన్ని విధికి వదిలివేస్తుంది. రెండవ మాట నేరాన్ని కార్మికుని మీదికి నెడుతుంది. ఈ రెంటి నడుమ యజమాని క్షేమంగా బయటపడతాడు.

ఇనుము ఒక్క రోజున విరుగదన్న సంగతి కార్మికులమందరమూ బాగా తెలుసుకొనవలసియున్నది. విరిగిన బ్రేకు భాగం అంతకు ఎన్నో నెలల ముందు నుండి, ఒక్కొక్కసారి ఏండ్ల ముందు నుండి, లోపల బీటలు వారుతూ వచ్చినదే. ఆ కాలమంతా దానిని చూడవలసిన బాధ్యత ఎవరిదన్నదే అసలు ప్రశ్న.

దీనికి ప్రపంచంలో కెల్లా స్పష్టమైన నిదర్శనం ఇంగ్లండులోని మార్కమ్ బొగ్గుగని. 1973 జూలై 30వ తేదీ ఉదయం 29 మంది గని కార్మికులు పనికి దిగుతూ పంజరంలో ఉన్నారు. పైనున్న వైండింగు ఇంజను ఆపరేటరు వేగం తగ్గించడానికి బ్రేకు వేశాడు. బ్రేకు పట్టలేదు. అత్యవసర మీట నొక్కాడు. దాని వలన కూడా ప్రయోజనం లేకపోయింది. పంజరం గని అడుగుకు వెళ్ళి కొట్టుకొన్నది. 18 మంది మరణించారు, మిగిలిన 11 మంది తీవ్రంగా గాయపడ్డారు.

విచారణలో తేలినదేమిటి? బ్రేకును బిగించే స్ప్రింగుల నడుమ నుండి వెళ్ళే 2 అంగుళాల మందపు ఉక్కు కడ్డీ ఒకటి రెండుగా విరిగియున్నది. ఆ కడ్డీ పొడుగునా లాగబడే బలాన్ని మాత్రమే మోయాలని దానిని రూపొందించినవారి ఉద్దేశం. అయితే అది ఊగవలసిన చోట గ్రీజు సరిగా అందలేదు. ఊగవలసినది బిగుసుకొన్నది. బ్రేకు వేసి తీసిన ప్రతిసారీ కడ్డీ కొంచెం వంగి కొంచెం లేచింది. వంగిన చోట సన్నని బీట పుట్టి ఏటికేడు లోపలికి ప్రాకింది. అంతకు పన్నెండేండ్ల ముందే, 1961లో, ఒల్లర్టన్ అనే మరొక గనిలో అటువంటి భాగమే విరిగినది. ఇతర గనులలోని కడ్డీలను చూడవలసిందిగా ఆదేశాలు కూడా వెలువడినవి. అయినప్పటికీ మార్కమ్‌లోని కడ్డీని పూర్తిగా విప్పి, లోపలి బీటలను పట్టగల పరీక్షకు పెట్టలేదు. ఆ ఉదయం మీటలు లాగిన ఆపరేటరు చేయవలసినవన్నీ చేశాడు. చాలినంత గ్రీజు, కొన్ని గంటల పరీక్ష — 18 ప్రాణాలు పోయింది వీటి కొరత వలననే.

ఇంజనీర్లు దీనిని లోహపు అలసట అంటారు. ఇందులో మర్మమేమీ లేదు. ఒక తీగను ఒక్కసారి వంచితే తెగదు, అటూ ఇటూ ఇరవైసార్లు వంచితే తెగుతుంది. పందొమ్మిదవ శతాబ్దం నడుమ జర్మనీలో వోలర్ అనే ఇంజనీరు రైలు ఇరుసులపై ఏండ్ల తరబడి పరీక్షలు జరిపి, ఒక్కసారిగా మోయగల బరువుకంటె ఎంతో తక్కువ బరువైనా సరే, లక్షలసార్లు పడితే ఉక్కును విరుస్తుందని నిరూపించాడు. బీట సాధారణంగా మూలలు ఉన్న చోట, రంధ్రం అంచున, మరల గాట్లలో, తుప్పు గుంటలో, వెల్డింగు పక్కన మొదలవుతుంది. అటువంటి విరుగుడును చూసి పోల్చుకొనవచ్చు. ఒక భాగం నునుపుగా ఉండి, ఏరు తగ్గుతూ ఇసుకలో వదలిన గీతల వలె వంపు గీతలు కనిపిస్తాయి. అది చాలాకాలంగా ప్రాకిన బీట. మిగిలిన భాగం గరుకుగా, మెరుస్తూ ఉంటుంది. అది చివరి క్షణంలో తెగిన చోటు. నునుపు భాగం ఎంత పెద్దదో, ముందుగా గుర్తించే అవకాశం అంతగా ఉండినదన్నమాట.

మన మగ్గం వద్దకు వద్దాం. నిమిషానికి 150 పోట్లు వేసే మగ్గం పన్నెండు గంటల షిఫ్టులో 1,08,000 సార్లు పన్నెను ముందుకు కొడుతుంది. గట్టి పన్నె అమర్చిన మగ్గాలలో నాడె అవతలి పెట్టెకు చేరక పడుగు నడుమ చిక్కుకొన్నదనుకొందాం. అప్పుడు డాగర్ అనే ఇనుప నాలుక ముందుకు వచ్చి, ఫిట్టర్లు ఫ్రాగ్ అని పిలిచే ఇనుప దిమ్మను గుద్దుతుంది. ఆ గుద్దుతోనే బ్రేకు పడుతుంది, మోటారు నుండి మగ్గం విడిపోతుంది. పరుగులో ఉన్న మగ్గం మొత్తం ఒక్క పెట్టున ఆగుతుంది. ఆ చప్పుడు మన చెవులకు అలవాటయి పోయింది గాని, ఆ దెబ్బ బ్రేకు మీటకు, దాని మేకుకు, ఫ్రేముకు తగులుతూనే ఉంటుంది. నాడె పెట్టెలో సరిగా ఆగని మగ్గం, పికింగు సరిగా లేని మగ్గం షిఫ్టులో పదేపదే ఇట్లా కొట్టుకొంటుంది. అంటే బ్రేకు విరగడానికి కారణం తరచుగా బ్రేకులో లేదు, నాడెను సక్రమంగా పంపని మరొక భాగంలో ఉన్నది. బ్రేకు మీట మార్చి దానిని సరిచేయకపోతే కొత్త మీట కూడా పాత దారినే పోతుంది.

ఆ కొత్త మీట కూడా తరచుగా రాదు. విరిగిన పోత ఇనుప మీటను సందు చివరనున్న వెల్డింగు దుకాణానికి పంపుతారు. గంటలో తిరిగి వస్తుంది, మగ్గం నడుస్తుంది, మాస్టరుకు మెప్పు. పోత ఇనుములో గ్రాఫైటు రేకులు రేకులుగా ఉంటుంది. ఆ రేకుల వలన అది అదురును మింగుతుంది, వేడిని త్వరగా పంచుతుంది. బ్రేకు చక్రానికి మంచిది. ఆ రేకుల వలననే అది లాగుడుకు, దెబ్బకు ఓర్వదు. ముందుగా వేడి చేయక, తరువాత నెమ్మదిగా చల్లార్చక వెల్డింగు చేసిన పోత ఇనుములో అతుకు పక్కన గాజు వంటి పెళుసు పొర ఏర్పడుతుంది. పైకి అతుకు బలంగా కనిపిస్తుంది, బీట దాని పక్కనే పుడుతుంది. ఇటువంటి మరమ్మతును మరమ్మతు అనడానికి నాకు మనసొప్పదు.

అంతస్తుల మీద మగ్గాలు నడిపే భవనాలలోను, బట్టల మార్కెట్లలోను సరకు మోసే లిఫ్టుల సంగతి మరొకటి. వీటి బ్రేకు స్ప్రింగు బలంతో పడుతుంది, కరెంటు దానిని పట్టి విడిపిస్తుంది. కరెంటు పోతే బ్రేకు దానంతట అదే పడాలని ఈ ఏర్పాటు. ఏర్పాటు మంచిదే. కాని స్ప్రింగు అలసినా, మేకు అరిగినా, లైనింగు మీద నూనె పడినా కాపాడవలసిన ఆ బ్రేకే పట్టదు. మార్కమ్‌లోనూ స్ప్రింగులు బాగానే ఉన్నవి, విరిగినది నడుమనున్న కడ్డీ. దానికి తోడు అధిక భారం. బరువు రెట్టింపయితే బ్రేకు మింగవలసిన వేడి రెట్టింపు, వేగం రెట్టింపయితే ఆ వేడి నాలుగింతలు. ఆ వేడికి డ్రమ్ము మీద వెంట్రుకల వంటి పగుళ్ళు లేస్తాయి, లైనింగు పట్టు తప్పుతుంది. 2018 సెప్టెంబరు 11న జగిత్యాల జిల్లా కొండగట్టు ఘాటులో 60 మందికి పైగా చనిపోయిన బస్సు ప్రమాదాన్ని మన కరీంనగర్ వారు మరువలేరు. బ్రేకులన్నారు, డ్రైవరన్నారు. కాని సామర్థ్యాన్ని మించి ప్రయాణికులను ఎక్కించుకొని బస్సు ఆ ఘాటు దిగవలసి వచ్చిందన్న విషయం ఆ రెండు మాటల వెనుక ఉండనే ఉన్నది.

కొందరు కార్మికులు తామే బ్రేకు వదులు చేస్తారని, ఆగకుండా నడవడానికి స్టాప్ మోషన్‌ను కట్టివేస్తారని యజమానులు అంటారు. ఇది పూర్తిగా అబద్ధం కాదు. అయితే ఎందుకు చేస్తారు? మీటరుకింత అని కూలి కట్టినచోట ఆగిన మగ్గం కార్మికుని జేబునే కొడుతుంది. బ్రేకు బాగు చేయించుకొనడానికి గంటసేపు మగ్గం ఆపితే ఆ గంట కూలి ఎవరూ ఇవ్వరు. అద్దెకు తీసుకొన్న షెడ్డులో, అరువు నూలుతో నడిపే చిన్న యజమాని పరిస్థితి కూడా ఇరుకే, ఒప్పుకొంటాను. కాని అతని ఇరుకుకు మన వ్రేళ్ళు జామీను కాజాలవు.

చట్టం ఏమంటున్నది? 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం లిఫ్టులను ఆరు నెలలకొకసారి, క్రేన్ల వంటి బరువులెత్తే యంత్రాలను ఏడాదికొకసారి అర్హుడైన వ్యక్తి పరీక్షించాలని విధించినది. మగ్గపు బ్రేకుకు మాత్రం అటువంటి గడువేదీ పెట్టలేదు. 1987 సవరణ ద్వారా భద్రతకు సంబంధించిన సమాచారం పొందే హక్కు కార్మికునికి లభించినది. ఆ చట్టం స్థానంలో 2020 నాటి వృత్తి భద్రతా కోడు 2025 నవంబరు 21 నుండి అమలులోనికి వచ్చినది. విద్యుచ్ఛక్తితో నడిచే చోట 10 మంది ఉంటే ఫ్యాక్టరీ అన్న పాత లెక్కను అది 20 మందికి పెంచినది. ఒకే కప్పు క్రింద రెండు మూడు పేర్లతో రిజిస్టర్లు విడగొట్టే అలవాటు ఉన్న పరిశ్రమలో దీని ఫలితమేమిటో వేరుగా చెప్పనక్కరలేదు.

ఇక నష్టపరిహారం. ఇ.ఎస్.ఐ. లేనిచోట 1923 నాటి పరిహార చట్టం కాలం నుండి ఒక మినహాయింపు ఉన్నది. కార్మికుడు భద్రతా నియమాన్ని బుద్ధిపూర్వకంగా ఉల్లంఘించినా, రక్షణ సాధనాన్ని బుద్ధిపూర్వకంగా తొలగించినా యజమాని పరిహారం ఎగవేయవచ్చు. మరణానికి, శాశ్వత పూర్తి అశక్తతకు ఈ మినహాయింపు వర్తించదు. వ్రేళ్ళు పోవడం పూర్తి అశక్తత కాదు గనుక సరిగ్గా మగ్గం కార్మికునికే ఇది తగులుతుంది. అందుకే ప్రమాదం జరిగిన గంటలోనే "వాడే బ్రేకు విప్పాడు" అన్న మాట పుడుతుంది. ఏమరుపాటు వేరు, బుద్ధిపూర్వక ఉల్లంఘన వేరు. ఈ తేడాను కమిషనరు ఎదుట గట్టిగా చెప్పాలి. చెప్పడానికి ఆధారం కావాలి. ఆ ఆధారం విరిగిన ఇనుప ముక్కే.

కనుక మన సంఘాలు కోరవలసినవి ఇవి: బ్రేకు చూసిన తేదీ, గ్రీజు పెట్టిన తేదీ రాసే పుస్తకం ప్రతి షెడ్డులోను కార్మికులకు అందుబాటులో ఉండాలి, మరమ్మతుకై ఆపిన సమయానికి కూలి కట్టాలి, అతుకు వేసిన పోత ఇనుప భాగాలను బ్రేకులలో వాడడం నిషేధించాలి, లిఫ్టు పరీక్షా పత్రాన్ని లిఫ్టు వద్దనే అంటించాలి.

కోర్కెలు నెరవేరే వరకు మన చేతిలో ఉన్న పని ఒకటి ఉన్నది. ప్రమాదం జరిగిన వెంటనే, గాయపడినవారిని ఆసుపత్రికి పంపిన తరువాత, విరిగిన ముక్కలు రెంటినీ తుక్కుబండి ఎక్కనీయకుండా సాక్షుల ఎదుట స్వాధీనపరచుకొనాలి. అవి ఉన్న చోట ఉన్నట్లే ఫోటో తీయాలి. విరిగిన ముఖాలను గుడ్డతో తుడవరాదు, ఒకదానికొకటి ఆనించి చూడరాదు. ఆ రాపిడికి గీతలు చెరిగిపోతాయి. తడి తగలకుండా పొడి కాగితంలో విడివిడిగా చుట్టి, తేదీ, మగ్గం నంబరు రాసి సంఘ కార్యాలయంలో భద్రపరచాలి.